యండమూరి వీరేంద్రనాథ్: పర్లాకిమిడిలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. బస్టాండు దగ్గర మా మావయ్యకి అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. బడి వదలగానే నేను అక్కడికే పోయేవాణ్ణి. బడ్డీ ఎత్తేసి చాలా ఏళ్ళయింది. పుస్తకాలు మాత్రం మూడు ట్రంకు పెట్టెల్లో మా ఇంటికి చేరాయి. ఇప్పుడు మా వీధి పిల్లలు వచ్చి అడిగి పట్టుకెళ్తుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువు ఒడియాలో, ఫోనులో ఇంగ్లీషు. మూడు పెట్టెల్లో వాళ్ళు ఎక్కువగా తీయించేది యండమూరి పెట్టెనే. ప్రశ్నలు కూడా దాని గురించే. వచ్చినవాళ్ళందరికీ మొదటి నుంచి చెప్పలేక ఇలా రాసి పెట్టాను.

యండమూరి ఎవరు? ఏ ఊరు ఆయనది?

యండమూరి వీరేంద్రనాథ్ 1948 నవంబర్ 14న తూర్పు గోదావరి జిల్లా రాజోలులో పుట్టారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో, తర్వాత ఆంధ్రా బ్యాంకులో పనిచేశారు. నాటకాలు రాశారు, నవలలు రాశారు, సినిమాలకు కథలు, స్క్రీన్‌ప్లేలు ఇచ్చారు, కొన్నిటికి దర్శకత్వం కూడా చేశారు. తర్వాత వ్యక్తిత్వ వికాసం పుస్తకాల వైపు వెళ్ళారు. 1980ల్లో తెలుగు చదవడం వచ్చిన ఇంట్లో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండేవారు కాదు. చదవడం రాని ఇళ్ళల్లో కూడా తెలుసు. ఎలా తెలుసో ముందు ముందు చెప్తాను.

లెక్కల మనిషి కథల్లోకి ఎలా వచ్చారు?

నాటకం దారిలో వచ్చారు. ‘రఘుపతి రాఘవ రాజారామ్’, ‘చీమ కుట్టిన నాటకం’ ఆయనవే. నాటక పరిషత్తు పోటీలకు తిరిగినవాళ్ళకు ఇవి బాగా తెలుసు. నాటకం రాసినవాడికి ఒక భయం ఉంటుంది: ఎదురుగా కూర్చున్నవాడికి విసుగొస్తే లేచి వెళ్ళిపోతాడు. నవల రాసేవాడికి ఆ భయం తక్కువ, చదివేవాడు కంటికి కనపడడు కదా. యండమూరి ఆ భయాన్ని నవలలోకి కూడా తెచ్చుకున్నారని నా అనుమానం. ఏ పేజీ తీసినా ఎవరో ఒకరు లేచిపోబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

లెక్కల చదువు కూడా వృథా పోలేదు. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’లో కుర్రాడు అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని ఒక డబ్బున్న మనిషితో పందెం కాస్తాడు. మామూలు కథల్లో అయితే పేదవాడు ఒక పాటలో ధనవంతుడైపోతాడు. ఇక్కడ డబ్బు ఎలా పుడుతుందో, ఎక్కడ తిరుగుతుందో మెట్టు మెట్టుగా చూపిస్తారు. మా మావయ్య ఈ నవల చదివి బడ్డీలో అద్దె లెక్కలకు కొత్త ఖాతా పుస్తకం కొన్నాడు. రెండు నెలలు రాశాడు.

సీరియల్ అంటే టీవీలో వచ్చేదేనా?

కాదు బాబూ. ఇది తెలియకపోతే యండమూరి సగం అర్థం కారు. అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను.

అప్పట్లో నవల ముందు పుస్తకంగా వచ్చేది కాదు. ఆంధ్రభూమి, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి లాంటి వారపత్రికల్లో వారానికి కొన్ని పేజీల చొప్పున నెలల తరబడి వచ్చేది. చివర ‘సశేషం’ లేదా ‘ఇంకా ఉంది’ అని ఉండేది. సీరియల్ ముగిశాకే పుస్తకం. అంతకు ముందు దశాబ్దంలో యద్దనపూడి సులోచనారాణి లాంటి రచయిత్రులు ఈ పత్రికలను ఇంటింటికీ చేర్చారు. 1980లు వచ్చేసరికి యండమూరి, మల్లాది వెంకటకృష్ణమూర్తి పేర్లు ముందుకొచ్చాయి.

మా ఊరికి పత్రిక రావడమే ఒక కథ. మద్రాసు నుంచి హౌరా పోయే పెద్ద లైన్ మీద నౌపడా దగ్గర దిగి, అక్కడ నుంచి చిన్న బండి ఎక్కాలి. నౌపడా, పర్లాకిమిడి, గుణుపురం నారోగేజి రైలు. నడిచి వెళ్ళేవాణ్ణి పలకరిస్తూ పోయే బండి అది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయిపోయింది. విజయవాడలో గురువారం చదివే పత్రిక మాకు చేరేసరికి అక్కడివాళ్ళు కథ మర్చిపోయి ఉండేవారు. స్టేషన్‌లో కట్ట విప్పకముందే నలుగురు నిలబడి ఉండేవాళ్ళు. ‘ఏటి బావూ, ఒచ్చిందేటి ఈ వారం?’ అన్నదే పలకరింపు.

బడ్డీకి నాలుగు కాపీలు. నలభై మంది చదవాలి. పగలు కొన్ని ఇళ్ళు, రాత్రి కొన్ని ఇళ్ళు. వారం అయిపోయాక సీరియల్ పేజీలు మాత్రం చింపి పక్కన పెట్టేవాళ్ళం. కథ ముగిశాక వాటిని వరసలో పేర్చి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే పుస్తకం తయారు. నా పెట్టెలో ఇప్పటికీ అలాంటివి ఏడు ఉన్నాయి. కథ మధ్యలో పౌడరు ప్రకటన, వారఫలాలు, వంకాయ కూర ఎలా వండాలో కూడా వస్తాయి. నాకు అచ్చు పుస్తకం కంటే అవే ఇష్టం.

ఇంకో సంగతి. మా వీధిలో పిన్నులు, అప్పలు చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. అప్పట్లో నాకు పన్నెండు, పదమూడేళ్ళు. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి నా చేత చదివించుకునేవాళ్ళు. పైకి చదివేవాడికే తెలుస్తుంది, ఈ మనిషి వారం చివరి వాక్యాన్ని ఎక్కడ విరుస్తాడో. తలుపు తెరుచుకుంటుంది, లోపల ఎవరున్నారో చెప్పడు. ఫోను మోగుతుంది, ఎవరు చేశారో చెప్పడు. నేను చదవడం ఆపగానే అరుగు మీద ఒక్క నిమిషం చప్పుడు ఉండేది కాదు. తర్వాత అందరూ ఒక్కసారి నన్ను తిట్టేవాళ్ళు, నేనేదో దాచానన్నట్టు.

ఆయన గొప్పా లోపమూ రెండూ ఇక్కడ నుంచే వచ్చాయని నేను అనుకుంటాను. ఆయన పుస్తకం రాయలేదు, వారం రాశారు. పుస్తకంగా ఏకబిగిన చదివితే కొన్ని మలుపులు అనవసరం అనిపిస్తాయి. వారానికి ఒకటి చొప్పున మింగినవాళ్ళకు అలా అనిపించలేదు.

‘తులసిదళం’ చదివితే రాత్రి నిద్ర పట్టదంటారు, నిజమేనా?

మాకు పట్టలేదు. మీకు పట్టొచ్చు, మీరు ఫోనులో అంతకంటే ఘోరమైనవి చూసి పెరిగారు.

అది ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. తులసి అని ఒక చిన్న పాప. ఆ పాపకు పట్టింది జబ్బా, ఎవరో చేసిన క్షుద్ర ప్రయోగమా? ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు మంత్రగాళ్ళు. కథ రెండు దారుల్లోనూ నడుస్తుంది. డాక్టర్ చెప్పింది నమ్మదలుచుకుంటే నమ్మొచ్చు, మంత్రం అనుకుంటే మంత్రమే. దీని తర్వాతి కథ ‘తులసి’. దాని ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. కన్నడంలో 1985లోనే ‘తులసీదళ’ తీశారు.

మా వైపు ఈ నవల వేరేలా పనిచేసింది. హైదరాబాదులో చదివినవాళ్ళకు అది ఎక్కడో అడవుల్లో జరిగే వింత. మాకు అడవి అంటే పెరటి వెనక కొండ. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. జ్వరం తగ్గకపోతే చిల్లంగి, ఆవు పాలివ్వకపోతే చిల్లంగి. కింద ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు ‘మీ కొండల వాళ్ళకి ఇవన్నీ వస్తాయంట కదా’ అని మమ్మల్నే అడిగేవాళ్ళు. అదొక తలనొప్పి.

మాటతో పోయే సంగతి అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. ఒడిశా కొండ జిల్లాల్లో మంత్రగత్తె అన్న ముద్ర పడ్డ ఆడవాళ్ళను, ముసలివాళ్ళను కొట్టి చంపిన సంఘటనలు ఎన్నో జరిగాయి. అందుకే ఈ ముద్ర వేసి హింసించడాన్ని నేరంగా చేస్తూ 2013లో ఒడిశా ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. కాబట్టి ‘తులసిదళం’ తీసుకెళ్ళే పిల్లలకు నేను ఒకటే చెప్తాను: భయపడండి, నమ్మకండి.

అందుకేనా దాన్ని ‘క్షుద్ర సాహిత్యం’ అని తిట్టారు?

అవును. మూఢనమ్మకాలకు నీళ్ళు పోశారని హేతువాదులు, వామపక్ష రచయితలు గట్టిగా విరుచుకుపడ్డారు. రంగనాయకమ్మ గారైతే ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని శీర్షిక పెట్టి మరీ రాశారు. ఆ నవలని మళ్ళీ మళ్ళీ చదివినవాణ్ణి అయినా, ఆవిడ వాదనలో పస లేదని అనలేను. రచయిత రెండు దారులూ తెరిచి ఉంచానని అనుకుంటాడు. మా అరుగు మీద కూర్చున్న పదిమందిలో తొమ్మిదిమంది ఒకే దారిలో వెళ్ళారు, అది మంత్రం దారి. డాక్టర్ల పేజీలు వచ్చినప్పుడు ‘అవి వొగ్గీ, ముందుకి సదువు’ అనేవాళ్ళు.

అయితే విమర్శకులు పట్టించుకోనిది ఒకటుంది. అంతవరకు అచ్చులో ఉన్న తెలుగు మా వీధికి పనికిరానిది. పనికొచ్చిన మొదటి తెలుగు ఇదే. దీని కోసం ఒడియా మీడియంలో చదివే నేను తెలుగు ఒత్తులు దిద్దుకున్నాను. మంచి పుస్తకం వల్ల నేర్చుకుని ఉంటే ఇంకా బాగుండేది, కానీ ఆ మంచి పుస్తకం చిన్న బండి ఎక్కి మా ఊరు రాలేదు.

చిరంజీవితో ఎన్ని సినిమాలు? అన్నీ నవలలేనా?

ఆయన నవలల మీద ఒకే జట్టు తీసినవి నాలుగు వచ్చాయి. ‘అభిలాష’ 1983లో, ‘ఛాలెంజ్’ 1984లో (పైన చెప్పిన పందెం కథ ఇదే), ‘రాక్షసుడు’ 1986లో, ‘మరణమృదంగం’ 1988లో. నాలుగింటికీ దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి, నిర్మాత కె.ఎస్. రామారావు, సంగీతం ఇళయరాజా. అదే నిర్మాత తీసిన అయిదోది 1991లో ‘స్టూవర్ట్‌పురం పోలీస్ స్టేషన్’. దాని సంగతి కింద వేరే చెప్తాను.

మేము వీటిని చూడాలంటే ఆంధ్రా సరిహద్దు దాటాలి. పాతపట్నం అయితే సైకిల్ మీద, టెక్కలి అయితే బస్సులో. కథ ముందే తెలిసిన జనం మేము. హాల్లో పక్కవాడికి ‘ఇప్పుడు చూడు’ అని చెప్పి తన్నులు తిన్న సందర్భాలు ఉన్నాయి.

నవల సినిమా అయ్యేటప్పుడు ఏం మారుతుంది?

ఇది ఒక అమ్మాయి అడిగింది. సినిమా చదువుకు వెళ్దామనుకుంటోంది. మంచి ప్రశ్న కాబట్టి నాకు తోచింది చెప్తాను. నేను సినిమావాణ్ణి కాదు, అద్దె పుస్తకాలవాణ్ణి.

సీరియల్‌కి ఇరవై ముప్పై వారాలు ఉంటాయనుకో. అంటే ఇరవై ముప్పై చోట్ల చదివేవాణ్ణి ఊపిరి బిగబట్టించి వదిలేయాలి. సినిమాకి అలాంటి చోటు ఒక్కటే, విశ్రాంతి. మిగతా మలుపులన్నీ ఏం కావాలి? కొన్ని పాటలకు ముందు సర్దుకుంటాయి, కొన్ని రెండేసి కలిసిపోతాయి, చాలా భాగం తీసి పారేయాల్సిందే. స్క్రీన్‌ప్లే అంటే రాయడం కంటే పారేయడం ఎక్కువని నాకు ఆ నాలుగు సినిమాలు నవలలతో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అర్థమైంది.

రెండోది, ఆలోచన. యండమూరి నవలలో కథ ఆపి ఒక పేరా లోకజ్ఞానం చెప్తారు. మనిషి ఎందుకు అబద్ధం ఆడతాడు, ప్రేమకు లెక్క ఉంటుందా, ఇలాంటివి. చదివేవాళ్ళు వాటి కింద పెన్సిలు గీతలు గీసి పెట్టేవాళ్ళు. బడ్డీలో గీతలు లేని పుస్తకం లేదు. తెరమీద ఆ పేరా ఎవరు చెప్తారు? హీరో చెప్తే ఉపన్యాసం అవుతుంది. అందుకని సినిమాలో ఆ పేరా పోయి ఒక ఫైటు వచ్చింది. తప్పని నేను అనను. కానీ అమ్మాయీ, నువ్వు ముందు నవల చదివి, ఏ పేరా పోయిందో చూసి, తర్వాత సినిమా చూడు. అదే నీ మొదటి పాఠం.

‘అభిలాష’లో చెప్పిన 302 సెక్షన్ ఇప్పుడూ ఉందా?

ఉరిశిక్ష తీసేయాలన్న పట్టుదలతో ఒక కుర్ర లాయరు చెయ్యని హత్యలో తనే ఇరుక్కునేలా ఏర్పాటు చేసుకుంటాడు. బయటపడే దారి ఉందనుకుంటాడు. ఆ దారి మూసుకుపోతుంది. ఇదీ కథ. సుప్రీంకోర్టు 1980లో బచ్చన్‌సింగ్ కేసులో ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధం కాదని, అయితే అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలని చెప్పింది. మూడేళ్ళకే సినిమా వచ్చింది. అంటే ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు, అప్పటికి కోర్టుల్లో వేడిగా ఉన్న వాదన.

ఇప్పటి మాట అంటావా, 2024 జూలై 1 నుంచి ఆ 302 ఉన్న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ అందులో 103. ఉరి మాత్రం అలాగే ఉంది.

దర్శకుడిగా ఎందుకు నిలబడలేదు?

‘స్టూవర్ట్‌పురం పోలీస్ స్టేషన్’ 1991 జనవరిలో వచ్చింది. చిరంజీవి, విజయశాంతి, ఇళయరాజా, అదే నిర్మాత. నవల ఆయనదే, దర్శకత్వమూ ఆయనదే. ఆడలేదు.

బాపట్ల దగ్గరి స్టూవర్ట్‌పురం బ్రిటిష్‌వాళ్ళ కాలంలో ‘నేరస్థ జాతులు’ అన్న ముద్ర వేసి కొందరిని తెచ్చి పెట్టిన కాలనీ. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. పుట్టుకతోనే దొంగ అనిపించుకునే మనుషుల మీద నవల అంటే చాలా పెద్ద విషయం. పాతపట్నం హాల్లో మాకు అది తెరమీద కనపడలేదు. పైన పారేయడం గురించి చెప్పాను కదా. తను రాసింది తనే పారేయాలంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. కోదండరామిరెడ్డికి ఆ మొహమాటం లేదు, ఆయన రాయలేదు కాబట్టి. ఇది నా ఊహే. సినిమా ఆడకపోవడానికి వేరే కారణాలూ ఉండి ఉంటాయి.

‘వెన్నెల్లో ఆడపిల్ల’లో అంత ఏముంది? మా అమ్మ ఇప్పటికీ అదే అంటుంది.

ఒక చదరంగం ఆటగాడు, పేరు రేవంత్. ఒక అమ్మాయి ఫోను చేస్తుంది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు, నంబరు చెప్పదు. పొడుపుకథల్లాంటి లెక్కలు ఇచ్చి నన్ను నువ్వే కనుక్కో అంటుంది. అంతే.

మీకు ఇందులో సమస్యే కనపడదు. ఎవరు ఫోను చేశారో తెర మీద పేరుతో సహా పడుతుంది కదా. అప్పట్లో మా వీధిలో ఫోను ఒక్కటే, బియ్యం మిల్లు వాళ్ళది. అది మోగితే చావు కబురేమోనని భయం. ట్రంకు కాల్ కోసం పోస్టాఫీసులో గంటలు కూర్చునేవాళ్ళు. రిసీవరు ఒక్కసారైనా చెవిన పెట్టుకోని ఆడవాళ్ళు మా అరుగు మీద కూర్చుని ఈ టెలిఫోను ప్రేమకథకు కళ్ళు తుడుచుకున్నారు. ముఖం చూడకుండా మనిషి మీద ఇష్టం పెంచుకోవడం వాళ్ళకు కొత్త కాదు. వాళ్ళలో సగం మందికి పెళ్ళికి ముందు మొగుడి ముఖం తెలియదు. తేడా ఏమిటంటే, ఈ కథలో తనను వెతికి పట్టుకోమని అడిగేది అమ్మాయి.

ఇది కన్నడంలో 1995లో ‘బెళదింగళ బాలె’ పేరుతో సినిమా అయింది. దర్శకుడు సునీల్‌కుమార్ దేశాయ్, హీరో అనంత్‌నాగ్. ఫోనులో వచ్చే గొంతు మీదే సినిమా నడుస్తుంది. తెలుగులో టీవీ సీరియల్‌గా వచ్చింది.

ముగింపు అడగొద్దు, చెప్పను.

తెలుగు మాట్లాడతాను, చదవడం తడబడతాను. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

‘వెన్నెల్లో ఆడపిల్ల’తోనే. సగం పేజీలు సంభాషణలే. వాక్యాలు చిన్నవి. ఒడియా అక్షరానికి నెత్తిన గుండ్రం, మనదానికి తలకట్టు. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. ఒత్తుల దగ్గర ఆగిపోతే పైకి చదువు, నోటికి తెలిసిన మాట కాబట్టి చెవి పట్టుకుంటుంది. తర్వాత ‘అభిలాష’. ‘ఆనందో బ్రహ్మ’ మూడోది. గోదావరి గాలి ఉన్న ప్రేమకథ, కాస్త మెల్లగా చదవాలి. ‘అంతర్ముఖం’ చివరికి ఉంచుకో. వారపత్రిక హడావుడి తగ్గిన యండమూరి అందులో కనిపిస్తారు. నా మట్టుకు ఆయన రాసినవాటిలో అదే మిన్న. పిల్లలెవరూ ఒప్పుకోరు.

ఆయనకీ మన ఊరికీ ఏమైనా సంబంధం ఉందా?

ఆయనకు లేదు. ఆయన రాసే భాషకు ఉంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, ఉద్యోగమంతా పర్లాకిమిడిలోనే చేశారు. మన కొండల మీద సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. మాట్లాడే తెలుగే రాయాలని గ్రాంథికం వాళ్ళతో జీవితమంతా పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళినప్పుడు మనసొప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం.

మాట్లాడే తెలుగు కోసం పోట్లాడిన ఊరు ఇది. ఆ ఊరి బడిలో నాకు తెలుగు లేదు. అదే మాట్లాడే తెలుగు నలభై ఏళ్ళ తర్వాత దయ్యాల కథగా, వారపత్రికలో, చిన్న బండి ఎక్కి తిరిగొచ్చింది. పంతులు గారు చూస్తే ఏమనేవారో! కథ సంగతి ఎలా ఉన్నా, వాక్యం తప్పు పట్టేవారు కాదని నా నమ్మకం.

ఆయన వ్యక్తిత్వ వికాసం పుస్తకం ‘విజయానికి ఐదు మెట్లు’ మీ పెట్టెలో ఎందుకు లేదు?

మావయ్య బడ్డీలో అద్దెకి పోనిది అదొక్కటే. కొనుక్కునేవాళ్ళు. పదో తరగతి పాసైతే బహుమతి, ఉద్యోగం వస్తే బహుమతి, రాకపోతే మరీ బహుమతి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక వారపత్రిక సీరియల్ పని అయిపోయింది. సాయంత్రాలు టీవీవి అయ్యాయి. చాలామంది రచయితలు అక్కడితో ఆగిపోయారు. యండమూరి మాత్రం కథల మధ్య చెప్పే ఆ లోకజ్ఞానం పేరాలనే తీసి విడి పుస్తకాలు చేశారు అనిపిస్తుంది నాకు. ఉపన్యాసాలు ఇచ్చారు, కాకినాడ దగ్గర సరస్వతీ విద్యాపీఠం పెట్టారు. ఆ పుస్తకాల వల్ల బాగుపడ్డామని చెప్పేవాళ్ళు నాకు తెలుసు, కాదనను. నాకు మాత్రం ఎవడైనా ప్రమాదంలో ఉంటేనే ఆయన చెప్పే నీతి రుచిస్తుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ఎక్కువ భాగం విజయవాడ నవసాహితి బుక్ హౌస్ వాళ్ళు వేశారు. విశాఖ, విజయనగరం పుస్తకాల షాపుల్లో చూడండి.

మీ పుస్తకాల్లో చివరి పేజీలు ఎందుకు ఉండవు?

అద్దె పుస్తకం కదా. చివరి పేజీలే ఎక్కువమంది తిప్పుతారు, ముందు అవే ఊడతాయి. హంతకుడి పేరు మూడో పేజీలో పెన్సిల్‌తో రాసిపెట్టిన పుణ్యాత్ముడు కూడా ఒకడున్నాడు. అతనెవరో మాకు తెలుసు. ఇప్పుడు రిటైరైన హెడ్‌మాస్టరు.

ఇన్ని చదివారు, మీరెప్పుడూ కథ రాయలేదా?

రాయలేదు. ఒకసారి చెప్పాను.

‘తులసిదళం’ వస్తున్న రోజులు. వానలకు వంశధార పొంగి చిన్న బండి ఆగిపోయింది. పత్రిక రాలేదు. అరుగు మీద మాత్రం అందరూ వచ్చి కూర్చున్నారు, ఒక అప్ప పకోడీలు కూడా వేయించి తెచ్చింది. రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. పాత పత్రిక ఒకటి చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టు తల ఊపుతూ, ఒక వారం నేనే కల్పించాను. నాకు ఆ మంత్రగాడంటే కసి. అందుకని కొండ మీద పిడుగు పడి వాణ్ణి చంపేశాను. అందరూ హమ్మయ్య అన్నారు. రెండు పకోడీలు ఎక్కువ పెట్టారు.

పై వారం రెండు సంచికలూ కలిసి వచ్చాయి. వాడు బతికే ఉన్నాడు, నిక్షేపంగా. నేను చదువుతూ పోతున్నాను, చెమటలు పడుతున్నాయి. పకోడీల అప్ప చెయ్యెత్తి ఆపింది.

‘ఒరే, ఆడ్ని పిడుగొచ్చి సంపేసింది గదరా. మళ్ళీ ఎలా లెగిసాడేటి?’

ఒక్క క్షణం ఆలోచించి, గొంతు తగ్గించి చెప్పాను: ‘క్షుద్ర శక్తి, అప్పా.’

ఎవరూ కిక్కురుమనలేదు. ఒకావిడ పైట చెంగు నెత్తి మీదికి లాక్కుని ‘సదువు, సదువు’ అంది.